పద్మిని వెనక కమాన్ బుష్: షెల్లు చుట్టలో ఇరుక్కుపోయింది, గ్యాస్ పెట్టకుండా తీయాలి

గంజాం_ఫియట్
1986 మోడల్ పద్మిని కారు (పాత ఫియట్), బండి బరంపురంలో ఉంది. వెనక ఎడమ పక్క కమాన్ కట్టకు (బండి బరువు మోసే వంపు స్ప్రింగ్ పట్టీల కట్ట) ముందు చివర ఉండే సైలెంట్ బ్లాక్ బుష్ (లోపల ఇనప స్లీవు, బయట ఇనప షెల్లు, మధ్యలో రబ్బరు) పూర్తిగా పోయింది. గతుకులో టక్ మంటుంది. ఫస్ట్ గేరులో కదిలించినా టక్, రివర్స్ వేసినా టక్. బ్రేకు గట్టిగా తొక్కితే వెనక భాగం ఒక పక్కకు జరిగినట్టు తెలుస్తోంది. జాకీ లివరు పెట్టి ఎత్తి చూస్తే బోల్టు చుట్టూ రబ్బరు పొడిలా రాలింది.

ఇంటి దగ్గరే మొదలుపెట్టాను. బోల్టు వచ్చింది. రబ్బరు చుట్టూ సన్నటి డ్రిల్లు వేసి లోపలి స్లీవు కూడా లాగేశాను. మిగిలింది బయటి ఇనప షెల్లు. అది మెయిన్ పట్టీ చివర గుండ్రంగా తిరిగిన చుట్టలో తుప్పుతో ఏకమైపోయింది. పైపు ముక్క ఆనించి సుత్తితో కొడితే కట్ట మొత్తం ఊగుతోంది గాని షెల్లు చలించడం లేదు. ఊళ్లో ఇద్దరు మేస్త్రిలను అడిగితే ఇద్దరిదీ ఒకటే మాట: గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి కొట్టేద్దాం, లేదంటే కట్ట మార్చెయ్. పట్టీల వంపు ఇంకా బాగుంది, ఒక్కటీ పగల్లేదు. బుష్ కోసం మంచి కట్టను పారేయడం నాకు ఇష్టం లేదు. ఇంట్లో డ్రిల్లు మిషన్, హాక్సా, చిన్న బెంచ్ వైస్, సాకెట్ సెట్ ఉన్నాయి. వీటితో పని అవుతుందా?

కొత్తపానా
గ్యాస్ పెడితే తప్పేంటి అన్నా? మా వీధిలో లారీలకు రోజూ చేస్తారు. రెండు నిమిషాల్లో ఊడిపోతుంది.

తెరుబలి_కొలిమి
గ్యాస్ వద్దు. దయచేసి వద్దు. నా ఉద్యోగం కొలిమి దగ్గరే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కమాన్ పట్టీ మామూలు ఇనుము కాదు, స్ప్రింగ్ స్టీల్. దాన్ని తయారీలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచి గట్టిపరుస్తారు. అలాగే వదిలేస్తే గాజులా పగులుతుంది కాబట్టి మళ్లీ 400 నుంచి 500 డిగ్రీల దగ్గర వేడి చేసి టెంపర్ చేస్తారు. వంగి మళ్లీ యథాస్థానానికి వచ్చే గుణం ఆ రెండో వేడి నుంచే వస్తుంది. గ్యాస్ కట్టర్ మంట తగిలి చుట్ట ఎర్రబడిందంటే ఆ హద్దు దాటిపోయినట్టే. నెమ్మదిగా చల్లారితే అక్కడ మెత్తబడి చుట్ట విచ్చుకుంటుంది. త్వరగా చల్లారాలని బకెట్ నీళ్లు పోశారా, ఇంకా ప్రమాదం, పెళుసెక్కి పగులు మొదలవుతుంది. రెండూ కంటికి కనపడవు.

ఇంకొకటి. పద్మినిలో వెనక ఇరుసును ముందుకీ వెనక్కీ పోకుండా పట్టి ఉంచేది ఈ కమాన్ కట్టలే, వేరే రాడ్డు ఏదీ లేదు. ముందు చుట్ట తెగితే ఆ పక్క ఇరుసు వెనక్కి పోతుంది, బండి నడిరోడ్డు మీద అడ్డం తిరుగుతుంది.

కొత్తపానా
మరి లారీలవి విరగడం లేదు కదా?

గుణుపురం_జీపు
విరుగుతాయి తమ్ముడూ. సాలూరు ఘాట్ ఎక్కేటప్పుడు చూడు, మెయిన్ పట్టీ తెగి పక్కన ఆపిన లారీలు కనపడతాయి. అన్నీ గ్యాస్ వల్లే అని నేననను, లోడు కూడా ఉంటుంది. కాని లారీకి పట్టీలు లావు, చాలా లారీలకు రెండో పట్టీ కూడా చుట్ట మీదికి వంగి కాపు కాస్తుంది. కారుకు అంత కాపు ఉండదు.

బల్లార్షా_బండి
గ్యాస్ మంటకు ఇంకో చిక్కు ఉంది. రబ్బరు లోపల ఉండగానే కాలిస్తే లోపల ఆవిరి పట్టి స్లీవు తుపాకీ గుండులా బయటికి దూకుతుంది. ఇక్కడ ఒక షెడ్డులో కుర్రాడి బుగ్గ చీరుకుపోయింది. ఆ పొగ కూడా మంచిది కాదు. గంజాం అన్న ముందే రబ్బరు తీసేశాడు, అది చాలా మంచి పని.

లేత్‌షెడ్_జయపురం
సుత్తి దెబ్బతో రాదు. కట్ట స్ప్రింగే కాబట్టి దెబ్బ మొత్తం అదే మింగేస్తుంది. కావలసింది లాగుడు.

పుల్లరు ఇంట్లో ఇలా కట్టుకో. 14 ఎంఎం హైటెన్సైల్ బోల్టు, పొడుగ్గా ఉన్నది, నిండా మరలున్నది. తల మీద 8.8 గాని 10.9 గాని అని ఉండాలి. హార్డ్‌వేర్ షాపులో మీటరు లెక్కన అమ్మే మామూలు మర రాడ్డు కొనొద్దు, రెండు తిప్పులకే మరలు జారిపోతాయి. ఒక పక్క షెల్లు మందం మీద మాత్రమే ఆనేలా ఒక సాకెట్, దాని బయటి కొలత షెల్లు బయటి కొలత కంటే అర ఎంఎం తక్కువ. రెండో పక్క షెల్లు లోపలికి జారిపోయేంత వెడల్పున్న పైపు ముక్క, అది చుట్ట అంచు మీద ఆనాలి. రెండు వైపులా మందపాటి వాషర్లు. మరలకు గ్రీజు పూసి నట్టు బిగించుకుంటూ పో. బిగువు వచ్చాక పైపు పక్కన చుట్ట మీద ఒక చిన్న దెబ్బ వెయ్యి. బిగువు, దెబ్బ రెండూ కలిసినప్పుడే తుప్పు వదులుతుంది.

కొలతకు సరిపడే సాకెట్ దొరక్కపోతే లేత్ దగ్గరికి వెళ్లి మెట్టు ఉన్న గుండు ఒకటి టర్నింగ్ చేయించుకో. వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసి ఇస్తే చాలు. అదే గుండు కొత్త బుష్ ఎక్కించడానికీ పనికొస్తుంది.

ముందు రోజు రాత్రే రెండు అంచులకూ డబ్ల్యూడీ-40 కొట్టి వదిలెయ్.

అంబాసిడర్_పర్లాకిమిడి
జయపురం గారి పద్ధతి శుభ్రంగా ఉంది, కాని తుప్పు బాగా పట్టిన బండికి అది సరిపోదు. మా అంబాసిడర్ 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను నీళ్లలో మునిగింది. తర్వాత అడుగు భాగంలో ప్రతి బోల్టూ ఒక యుద్ధం. కమాన్ బుష్‌కు పుల్లరు పెడితే బోల్టు మరలే సాగిపోయాయి.

పని చేసింది హాక్సా బ్లేడు. ఫ్రేమ్ నుంచి బ్లేడు విప్పి, చుట్టలోంచి దూర్చి, మళ్లీ ఫ్రేమ్‌కు కట్టి, షెల్లును లోపలి నుంచి నిలువునా కోశాను. ఒక్క గాటు చాలు. షెల్లు మెత్తటి ఇనుము, బ్లేడు హాయిగా తింటుంది. దాన్ని దాటి చుట్టను తాకగానే చప్పుడు మారుతుంది, బ్లేడు కోయకుండా జారుతుంది. స్ప్రింగ్ స్టీల్ గట్టిది కాబట్టి మనకు కబురు చెబుతుంది. అక్కడ ఆపెయ్యాలి. ఆ తర్వాత సన్నటి ఉలితో గాటు అంచును లోపలికి మడిస్తే షెల్లు ముడుచుకుని చేతికి వచ్చేస్తుంది.

లేత్‌షెడ్_జయపురం
కోయడానికి నేను ఒప్పుకోను. చుట్ట లోపల గీత పడితే పగులు అక్కడే మొదలవుతుంది. కొలిమి గారూ, మీరేమంటారు?

తెరుబలి_కొలిమి
భయం న్యాయమైనదే. అడ్డంగా లోతైన గాటు పడితే ప్రమాదం. కాని ఎక్కడ కోస్తున్నాం అన్నది చూడాలి. చుట్టలో ఎక్కువ బలం పడేది పట్టీ నుంచి వంపు మొదలయ్యే చోట. చుట్ట కొస దగ్గర, అంటే పట్టీ తిరిగొచ్చి ఆగిపోయే అంచు పక్కన, బలం చాలా తక్కువ. గాటు ఆ కొస పక్కన పెట్టుకుంటే గోరు గీత పడినా నష్టం లేదు. పడిన గీతను 120 నంబరు ఎమరీతో గుండ్రంగా రుద్దేస్తే సరి. అయినా ముందు పుల్లరు ప్రయత్నించమనే చెబుతాను. కోత రెండో దారి. గ్యాస్ అసలు దారే కాదు.

గంజాం_ఫియట్
పుల్లరు, బ్లేడు రెండిటికీ సామాను పోగు చేస్తున్నాను. ఒక సందేహం. యూ బోల్టులు విప్పలేదు, కట్ట ఇరుసుకే ఉంది, ముందు చివర మాత్రం కిందికి దించాను. బండి వెనక భాగం బాటిల్ జాకీ మీద ఉంది, పక్కన రెండు తాటి దుంగలు పెట్టాను. కట్టను పూర్తిగా దించాలా, ఇలాగే చేయొచ్చా?

సిరొంచ_దారి
ముందు బండి కింద నుంచి బయటికి వచ్చెయ్ అన్నా. మిగతా మాటలు తర్వాత.

బాటిల్ జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. లోపల సీలు ఎప్పుడు వదులుతుందో ఎవరికీ తెలియదు. తాటి దుంగ గుండ్రం, దొర్లుతుంది. నువ్వేమో పుల్లరు బిగించి పక్క నుంచి దెబ్బ వేయబోతున్నావు! రెండు జాకీ స్టాండులు కొనుక్కో, లేదా లారీ షెడ్డులో అడిగి తెచ్చుకో. స్టాండులు ఛాసిస్ బలమైన చోట పెట్టు, జాకీ ఇరుసు కింద ఉండనీ. అప్పుడు ఇరుసు ఎత్తు సర్దుకోవచ్చు, బోల్టు రంధ్రాలు ఎదురెదురు రావడానికి కూడా అదే పనికొస్తుంది. తీసిన చక్రం ఛాసిస్ కిందికి పడేసి ఉంచు.

అంబాసిడర్_పర్లాకిమిడి
దీనికి తోడు: హ్యాండ్ బ్రేకును నమ్మొద్దు. అది వెనక చక్రాలకే. వెనక భాగం గాల్లో ఉంటే అది పట్టుకునేది ఏమీ లేదు. ముందు చక్రాలకు రెండు పక్కలా చెక్క దిమ్మలు పెట్టాలి.

గంజాం_ఫియట్
స్టాండులు తెచ్చాను. ఇప్పుడు ఛాసిస్ వాటి మీద ఉంది, ముందు చక్రాలకు దిమ్మలు వేశాను. సిరొంచ అన్నకు చాలా థ్యాంక్స్.

లేత్‌షెడ్_జయపురం
ఇప్పుడు బాగుంది. కట్ట దించనక్కర్లేదు. చుట్టకు రెండు పక్కలా చెయ్యి పట్టే జాగా ఉంటే పుల్లరు అక్కడే పెట్టు.

కొత్తపానా
నాదొక సలహా. షెల్లు తీయడం అంత కష్టమైతే అక్కడే ఉంచేసి, దాని లోపలి కొలతకు నైలాన్ బుష్ టర్నింగ్ చేయించి దూర్చేస్తే? అరగంట పని.

బల్లార్షా_బండి
అది నేను చేయించాను తమ్ముడూ, పాత అంబాసిడర్‌కు. చంద్రపూర్ వైపు బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద బాగానే తిరుగుతోంది. రబ్బరు అయితే ఈ ఎండలకు ఎండిపోయి చిట్లుతుంది. నైలాన్‌కు ఆ బాధ లేదు. మా వైపు చాలా బండ్లకు అదే వేస్తారు. చప్పుడు కొంచెం ఎక్కువే, ఒప్పుకుంటాను.

తెరుబలి_కొలిమి
బల్లార్షా గారూ, చప్పుడుతో అయిపోదు. సైలెంట్ బ్లాక్‌లో రబ్బరు లోపలి స్లీవుకూ బయటి షెల్లుకూ అతుక్కుని ఉంటుంది. చుట్ట కదిలినప్పుడు రబ్బరు మెలి తిరుగుతుంది గాని ఎక్కడా రాసుకోదు. అందుకే దానికి గ్రీజు అక్కర్లేదు. పైగా రోడ్డు ఎగుడుదిగుడుగా ఉండి ఇరుసు ఒక పక్కకు వాలితే పట్టీ కూడా కొంచెం మెలి తిరగాలి, రబ్బరు దానికి చోటిస్తుంది. నైలాన్ ఇవ్వదు. ఆ మెలిక అంతా బోల్టు మీదా, బ్రాకెట్ మీదా పడుతుంది. ఏడాది రెండేళ్లకు బ్రాకెట్ రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తే అప్పుడు వెల్డింగ్ పని.

బల్లార్షా_బండి
నా బ్రాకెట్ ఇంకా బాగానే ఉంది. ఈ ఆదివారం బోల్టు విప్పి చూసి చెబుతాను. మీరు చెప్పింది కొట్టిపారేయను.

గుణుపురం_జీపు
గట్టి బుష్ పెడితే దానికి తగిన ఏర్పాటు కూడా ఉండాలి. మా పాత జీపులో షాకిల్ (కట్ట చివరను బండికి వేలాడదీసే లింకు) దగ్గర రబ్బరే లేదు, మరలున్న లోహపు బుష్, పక్కనే గ్రీజు నిపుల్. గ్రీజు కొడుతున్నంత కాలం దానికి చావు లేదు, మానేస్తే మరలు అరిగి షాకిల్ లొడలొడలాడుతుంది. గ్రీజు దారి లేకుండా నైలాన్ ఒక్కటే దూర్చడం సగం పని.

కొత్తపానా
సరే, నైలాన్ మాట వెనక్కి తీసుకున్నా. పాలీయురేథేన్ అని నెట్‌లో రంగురంగులవి అమ్ముతున్నారు కదా, అవి?

అంబాసిడర్_పర్లాకిమిడి
రెండు ముక్కలుగా వస్తాయి, ఎక్కించడం తేలిక, ఎండకీ నూనెకీ రబ్బరు కంటే బాగా ఆగుతాయి. కాని అవి స్లీవు మీద తిరుగుతూ రాసుకుంటాయి, వాటితో ఇచ్చే సిలికాన్ గ్రీజు పూయకపోతే కిర్రుకిర్రుమంటాయి. బండిని మెత్తగా, ఫ్యామిలీతో నడుపుకోవాలంటే నా ఓటు రబ్బరుకే.

గంజాం_ఫియట్
షెల్లు వచ్చేసింది!

ముందు పుల్లరే పెట్టాను. లేత్‌లో మెట్టు గుండు చేయించాను, కొలత కాగితం చూసి అక్కడి ఒడియా మేస్త్రి సంతోషపడ్డాడు, వేరే బండికి కూడా కావాలని ఆ కొలత రాసుకున్నాడు. నట్టు బిగించేకొద్దీ షెల్లు వెంట్రుక వాసి జరిగి ఆగిపోయింది. ఇంకా బిగిస్తే బోల్టు పోతుందనిపించి ఆపి, కొలిమి గారు చెప్పినట్టు చుట్ట కొస పక్కన బ్లేడుతో కోశాను. పర్లాకిమిడి గారు చెప్పిన చప్పుడు మార్పు నిజంగానే వినపడింది. ఉలితో మడిచాక మళ్లీ పుల్లరు పెడితే చప్పున జారింది. కోయడం వల్ల బిగువు వదిలింది, లాగడం వల్ల బయటికి వచ్చింది, రెండూ అవసరపడ్డాయి. చుట్ట లోపల ఎమరీతో రుద్దితే శుభ్రమైన లోహం కనపడింది, గీత ఏమీ లేదు.

ఇక కొత్త బుష్ ఎక్కించాలి. ఫ్రీజర్‌లో పెడితే సన్నబడుతుందని ఒకరన్నారు.

లేత్‌షెడ్_జయపురం
శభాష్. రెండు పద్ధతులూ కలిశాయి, మా ఇద్దరికీ గొడవ లేదు.

తెరుబలి_కొలిమి
ఫ్రీజర్ లెక్క చెబుతాను. షెల్లు 40 ఎంఎం అనుకుందాం. మన 32 డిగ్రీల నుంచి మైనస్ 18కి దించితే 50 డిగ్రీల తేడా. ఉక్కు దానికి తగ్గేది దాదాపు 0.024 ఎంఎం. బిగుతు అమరికలో అది కొంచెం సాయమే, కాని చెయ్యి తగిలి బుష్ వేడెక్కేలోపు ఎక్కించాలి. అంతకంటే చుట్ట అంచుకు ఆకురాయితో చిన్న వాలు తీస్తే ఎక్కువ లాభం, షెల్లు వంకరగా మొదలవదు.

అంబాసిడర్_పర్లాకిమిడి
నొక్కేది షెల్లు అంచు మీదే. లోపలి స్లీవు మీద నొక్కితే రబ్బరు అతుకు అప్పుడే చిరిగిపోతుంది, బయటికి మాత్రం కొత్తదిలానే కనపడుతుంది. రబ్బరుకు ఇంజిన్ ఆయిల్, గ్రీజు తగలనివ్వొద్దు, ఉబ్బి మెత్తబడుతుంది. జారుడు కావాలంటే సబ్బు నీళ్లు చాలు. షాకిల్ వైపు రబ్బరు సగాలకు కూడా అంతే.

సిరొంచ_దారి
బుష్ ఎక్కించాక బోల్టును గాల్లోనే గట్టిగా బిగించెయ్, మళ్లీ కిందికి దూరే పని ఉండదు.

లేత్‌షెడ్_జయపురం
అలా చేయొద్దు అన్నా, ఈ ఒక్క మాట దగ్గర నేను తగ్గను. బోల్టు బిగించగానే లోపలి స్లీవు బ్రాకెట్‌కు పట్టేస్తుంది, ఇక అది తిరగదు. కొలిమి గారు చెప్పినట్టు మెలి తిరగాల్సింది రబ్బరే. కట్ట కిందికి వేలాడుతున్నప్పుడు బిగిస్తే, బండి దించగానే రబ్బరు సగం మెలి తిరిగి అలాగే ఉండిపోతుంది. గతుకు వచ్చినప్పుడు మిగతా సగం. కొత్త బుష్ కొన్ని నెలల్లో చిరిగేది అందుకే. అందరూ డూప్లికేట్ సరుకని షాపువాణ్ణి తిడతారు.

బోల్టు చేతి బిగువుతో వదిలేసి, స్టాండులను ఛాసిస్ కింద నుంచి తీసి ఇరుసు కింద పెట్టు. అప్పుడు బండి బరువు కమాన్ మీద పడి కట్ట మామూలు ఎత్తుకు వస్తుంది, నీకూ కింద జాగా ఉంటుంది. వెనక బంపర్ పట్టుకుని బండిని బాగా ఊపు. ఆ తర్వాత పూర్తి బిగువు.

సిరొంచ_దారి
ఈ సంగతి నాకు తెలియదు. మా ఆలపల్లి రోడ్డులో బుష్‌లు ఆగవని ఇన్నాళ్లూ రోడ్డునే తిట్టుకున్నాం. ఈసారి ఇలాగే బిగించి చూస్తాను.

కొత్తపానా
బోల్టు స్లీవులోనే పట్టేస్తే ఏం చేయాలి? గంజాం అన్నకు సులువుగా వచ్చింది గాని మా మామయ్య ఫియట్‌కు పానా తిప్పితే తిరిగి వెనక్కి వచ్చేస్తోంది.

బల్లార్షా_బండి
స్లీవుకు తుప్పుతో అతుక్కుంది. నువ్వు తిప్పేది బోల్టును కాదు, రబ్బరును, అందుకే వెనక్కి వస్తోంది. స్లీవుకూ బ్రాకెట్‌కూ మధ్య సందులో ఉత్త హాక్సా బ్లేడు దూర్చి రెండు పక్కలా బోల్టును కోసెయ్యాలి. చేతికి గుడ్డ చుట్టుకో. బోల్టు ఎలాగూ కొత్తది వేస్తావు, దాని మీద జాలి వద్దు. కొత్త బోల్టుకు మరలు లేని భాగం మీద పల్చగా గ్రీజు పూస్తే వచ్చేసారి ఈ కోత ఉండదు. రబ్బరుకు మాత్రం తగలకూడదు.

గుణుపురం_జీపు
గోపాలపురం సముద్రపు గాలి తగిలే బండ్లకు ఇది తప్పదు. ఉప్పు.

గంజాం_ఫియట్
ఎడమ పక్క బిగించేశాను, ఇరుసు కింద స్టాండులు పెట్టే. తప్తపాణి ఘాట్ దాకా వెళ్లొచ్చాను, ఫస్ట్ గేరు టక్ లేదు, బ్రేకు తిన్నగా పడుతోంది. కుడి పక్క బుష్ కంటికి పర్వాలేదు. దాన్ని కూడా మార్చాలా? ఇంకో బుష్ ఎక్కడ దొరుకుతుంది, ఇది కూడా మా ఊళ్లో పాత స్టాకులో చివరిది.

అంబాసిడర్_పర్లాకిమిడి
మార్చు. ఒక పక్క కొత్త రబ్బరు, ఒక పక్క పాతది ఉంటే ఇరుసు రెండు పక్కలా ఒకేలా కదలదు. కలకత్తా మల్లిక్ బజార్‌లో తెలిసినవాళ్లుంటే చెప్పించు, పాత బుష్ కొలతలు మూడూ పంపు: షెల్లు బయటి కొలత, స్లీవు లోపలి కొలత, స్లీవు పొడవు. పొడవు తక్కువైతే బ్రాకెట్ నొక్కుకుపోతుంది, కాబట్టి అది ముఖ్యం.

లేత్‌షెడ్_జయపురం
మెట్టు గుండు దాచుకో, కుడి పక్కకూ అదే కొలత. రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగాక రెండు పక్కలా బోల్టులూ, యూ బోల్టు నట్లూ ఒకసారి పానా పెట్టి చూడు, బండి చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడే.